చెక్కల మీద కారు

కారు కిందకి దూరి ఆయిల్ మార్చుకునేవాణ్ణి చూస్తే మనవాళ్ళకి రెండే అభిప్రాయాలు. ఒకటి, వీడు పిసినారి. రెండు, వీడికి పనీపాటా లేదు. ఆ కారు ఎక్కింది వాడు సొంతంగా కోసి బిగించుకున్న చెక్క ర్యాంపుల మీద అని తెలిస్తే మూడోది కూడా చేరుతుంది, వీడు ఏదో ఒకరోజు దానికిందే పోతాడు అని. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. నా గొడవంతా మూడోదానితోనే. ఎందుకంటే ఆ మాట అనేవాళ్ళలో చాలామంది, డిక్కీలో కారుతోపాటు వచ్చే ఆ బక్కపల్చటి జాకీ మీద కారు లేపి దాని కిందకి తల పెట్టడానికి మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించరు. చెక్క అంటే భయం, ఇనుము అంటే నమ్మకం. అంతే.

నేననేది ఏంటంటే, సరిగ్గా చేసిన చెక్క ర్యాంపు ఇంట్లో పని చేసుకునేవాడికి దొరికే వాటిల్లో మంచి సాధనం. సరిగ్గా చెయ్యనిది యమపాశం. ఈ రెండిటికీ మధ్య తేడా చెక్కలో లేదు, దాన్ని పేర్చిన పద్ధతిలో ఉంది.

ముందు లెక్క చూద్దాం. (ఇంజనీరింగు చదివించినందుకు ఇలాంటప్పుడైనా పనికి రావాలి కదా.) టయోటా కరోలా తీసుకోండి. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళ ముందు కనిపించే కార్లలో అదీ కామ్రీనే ఎక్కువ. బరువు సుమారు 3,000 పౌండ్లు, అంటే 1,350 కిలోల పైచిలుకు. ఇంజను ముందు ఉంటుంది కాబట్టి ఇంచుమించు అరవై శాతం బరువు ముందు చక్రాల మీదే. ఒక్కో ముందు చక్రానికి 900 పౌండ్లు వేసుకుందాం. టైర్లో గాలి 33 పీఎస్ఐ ఉందనుకుంటే ఆ టైరు కిందున్న నేలని నొక్కేది కూడా దాదాపు అంతే, చదరపు అంగుళానికి ముప్ఫై, నలభై పౌండ్లు. టైరంటే గాలి నింపిన సంచీ, అంతకంటే గట్టిగా అది దేన్నీ నొక్కలేదు. ఇప్పుడు చెక్క సంగతి. ఇక్కడ టెక్సస్ వైపు షాపుల్లో దొరికే సదరన్ పైన్ పలకని పడుకోబెట్టి పైనుంచి నొక్కితే, ఇళ్ళు కట్టేవాళ్ళు లెక్కకి వాడే విలువ 565 పీఎస్ఐ. ఇంకాస్త తేలికైన స్ప్రూస్, ఫర్ రకాలకి 425. అంటే చెక్క మొయ్యగలిగిన దాంట్లో పదో వంతు కూడా మీ కారు దాని మీద వెయ్యదు. కాబట్టి "చెక్క నలిగిపోతుందేమో" అన్న భయం పక్కన పెట్టెయ్యండి.

అయితే ఇదంతా పలకల్ని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా పేర్చినప్పుడే. కొంతమందికి ఇది చూస్తే చిన్నతనంగా ఉంటుంది. ఇంత చెక్క వేస్టెందుకు, ఓ త్రికోణం ఫ్రేము కట్టి, నిలువు కాళ్ళు పెట్టి, పైన వాలుగా ఒక పలక కొడితే సగం చెక్కతో అయిపోతుంది కదా అంటారు. అవుతుంది. కానీ అప్పుడు కారు బరువు మోసేది చెక్క కాదు, మేకులు. చక్రం ఎక్కేటప్పుడు ఆ ఫ్రేముని ముందుకి తోస్తుంది. నిలువు కాళ్ళు పక్కకి ఒరగడానికి అంతకంటే సాయం అక్కర్లేదు. మనం రోజూ ఆఫీసులో తిట్టుకునే "అతి తెలివి డిజైను" అంటే ఇదే. మొద్దుగా పేర్చిన చెక్కల దొంతరలో విరగడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప.

ఫస్టియర్ వర్క్‌షాపులో హాఫ్ ల్యాప్ జాయింటు చెయ్యనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. (చేయించుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళ జోలికి నేను పోను.) దీనికి ఆ మాత్రం పనితనం కూడా అక్కర్లేదు. ఒక్క జాయింటు లేదు. కొయ్యడం, పేర్చడం, మరలు బిగించడం.

నేను చేసుకున్న కొలతలు చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. టూ బై ట్వెల్వ్ పలకలు, పదేసి అడుగులవి మూడు. పేరుకే రెండు, పన్నెండు. షాపులో టేపు పెట్టి కొలిస్తే మందం 1.5 అంగుళాలు, వెడల్పు 11.25. (మన ప్రాజెక్టు ఎస్టిమేట్ల లాగే.) ఒక్కో ర్యాంపుకి నాలుగు పొరలు, 60, 48, 36, 24 అంగుళాల పొడవున. వెనక అంచులన్నీ సమంగా పెట్టి, ముందు వైపు పొర పొరకీ అడుగు చొప్పున మెట్టు వదిలితే మొత్తం ఎత్తు 6 అంగుళాలు. మొదటి పలకలోంచి రెండు 60లు. రెండో పలకలోంచి రెండు 48లు, ఒక 24. మూడోదాంట్లోంచి రెండు 36లు, ఒక 24. ఇంకా మిగిలిన 24 అంగుళాల ముక్కని నాలుగు 6 అంగుళాల ముక్కలుగా కోసి, ర్యాంపుకి రెండు చొప్పున పైన చివర్లో ఒకదాని మీద ఒకటి బిగిస్తే, చక్రం ముందుకి దూకి పోకుండా 3 అంగుళాల అడ్డు. రంపం తినే పొట్టు తప్ప ఏదీ పారెయ్యక్కర్లేదు. ఈ లెక్క కుదిరిన రోజు నాకు కలిగిన ఆనందం ఏ కోడు రాసినప్పుడూ కలగలేదంటే నమ్మండి.

టూ బై టెన్ తీసుకుంటే డబ్బులు కొంచెం కలిసొస్తాయి. వద్దు. 205 టైరు వెడల్పు 8 అంగుళాల పైమాట. 9.25 అంగుళాల పలక మీద అటూ ఇటూ అర అంగుళం మిగులుతుంది. స్టీరింగు ముందు కూర్చున్న మీకు చక్రం కనపడదని మర్చిపోకండి. ప్రాణానికీ అర అంగుళానికీ బేరమాడడం ఎందుకు?

పొరల్ని కలపడానికి జిగురు, 2.5 అంగుళాల డెక్ స్క్రూలు. ఇవి బరువు మొయ్యడానికి కాదు, పలకలు జారకుండా పట్టుకోడానికి. ప్రతి పలక ముందు అంచునీ ఏటవాలుగా చెక్కెయ్యాలి, లేకపోతే టైరు ఎక్కిన ప్రతిసారీ ఆ అంచు మీదే దెబ్బ పడి పేలికలు లేస్తాయి. పెద్ద కణుపులున్న పలకలు, చివర్లో నెర్రె విచ్చినవి షాపులోనే వెనక్కి పెట్టెయ్యండి. ఒక్కొక్కటీ పైకెత్తి కన్ను మూసి చూసి ఏరుకుంటుంటే పక్కవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఇంకో మాట, ఎవరో పాత డెక్కు పీకేస్తున్నారని ఆ చెక్కలు ఊరికే తెచ్చుకోకండి. 2003 చివరిదాకా అమెరికాలో ఇళ్ళకి వాడిన ట్రీటెడ్ చెక్కల్లో ఆర్సెనిక్ కలిపిన మందు ఉండేది. దాన్ని కోస్తే లేచే పొడి పీల్చేది మనమే.

ఇహ అసలు ప్రమాదం. చెక్క ర్యాంపు విరిగి కాదు, జారి. ముందు చక్రాలతో నడిచే కారు ర్యాంపు ఎక్కేటప్పుడు ఆ చక్రాలే ర్యాంపుని ముందుకి తోసేస్తాయి. గ్యారేజీలో నున్నటి సిమెంటు నేల, దానిమీద రంపపు పొట్టో, ఆయిల్ మరకో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఇది కొన్న ప్లాస్టిక్ ర్యాంపులకీ ఉన్న జబ్బే. పైగా అవి పొట్టివి, నిట్రంగా ఉంటాయి. మన ర్యాంపు అడుగుకి అంగుళంన్నర చొప్పున లేస్తుంది కాబట్టి వాలు ఏడు డిగ్రీలే. తోపు తక్కువ, ముందు బంపరు గీసుకోవడమూ తక్కువ. కింద ఓ రబ్బరు చాప ముక్క అంటించుకుంటే ఇంకా నయం. గరుకు కాంక్రీటు డ్రైవ్‌వే అయితే ఆ బాధ కూడా లేదు, కాకపోతే అది సమంగా ఉండాలి. వాలుగా ఉన్న డ్రైవ్‌వే మీద ఈ పని అసలు పెట్టుకోవద్దు, ఎంత కొంచెం వాలైనా సరే.

రెండోది వెనక్కి దొర్లడం. మా చిన్నప్పుడు లారీ ఎక్కడ ఆగినా ముందుగా దూకేది క్లీనరు. చేతిలో ఓ చెక్క మొద్దు. డ్రైవరు ఇంజను ఆపే లోపే అది వెనక టైరు కింద ఉండేది. ఘాట్ రోడ్డులో అయితే బండి ఇంకా ఆగకముందే పెట్టేవాళ్ళు. ఆ కుర్రాడికి ఎవరూ ఫ్రిక్షన్ కోఎఫిషియెంట్ నేర్పలేదు. మనకి నేర్పారు, కానీ మనం పార్క్‌లో గేరు పడిందా లేదా అని తప్ప ఇంకేం చూడం. ముక్కు పైకెత్తి నిలబడ్డ కారుకి వెనక్కి పోవాలనే ఉంటుంది. పార్క్ గేరు, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలు రెండింటి వెనకా అడ్డు చెక్కలు. మూడూ ఉండాలి. ఒకటి పోయినా మిగతా రెండు ఉంటాయి. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ ఉండకూడదని మీటింగుల్లో గొంతు చించుకుంటాం కదా, మన ఛాతీ మీదికి వచ్చేసరికి ఆ సూత్రం ఏమవుతుంది?

అందుకే కిందకి వెళ్ళేముందు నేను కారుని బలంగా కుదుపుతాను. ముందు నుంచి, పక్కల నుంచి, ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా. పడేదేదో నేను బయట ఉన్నప్పుడే పడనీ. ఆ తర్వాత జాక్ స్టాండులు రెండు, జాకీ పెట్టే చోట్ల కింద నిలబెడతాను. అవి బరువేమీ మొయ్యవు, ఊరికే కాపలా.

కొన్న సామాను అంటే గుడ్డిగా నమ్మేవాళ్ళకి ఒక సంగతి గుర్తు చెయ్యాలి. 2020లో హార్బర్ ఫ్రైట్ వాళ్ళు అమ్మిన జాక్ స్టాండుల్లో కొన్ని రకాల్ని వెనక్కి పిలిచారు. బరువుంటే పళ్ళ పట్టు వదిలేసి కిందకి దిగిపోయే అవకాశం ఉందని. వాటికి బదులుగా ఇచ్చిన వాటిల్లో ఒక రకాన్ని కూడా అదే ఏడాది వెల్డింగు సరిగా లేదని మళ్ళీ వెనక్కి పిలిచారు. వాళ్ళని ఆడిపోసుకోవాలని కాదు, చెప్పి వెనక్కి తీసుకున్నారు, మంచిదే. కానీ డబ్బాలో వచ్చిందీ, మీద ఇన్ని టన్నులు అని రాసి ఉందీ అన్నంత మాత్రాన అది దేవుడిచ్చిన వరం కాదు. ర్యాంపు విషయంలో కనీసం లోపల ఏముందో నాకు తెలుసు, కోసింది నేనే కాబట్టి.

మా కాంప్లెక్సులో ఓ తమ్ముడు ఉండేవాడు, కొత్తగా వచ్చినవాడు, ఉత్సాహం ఎక్కువ. ఓ శనివారం పొద్దున్నే డిక్కీ జాకీతో కారు లేపి, "అన్నా, ఒక్క ఐదు నిమిషాలు టార్చి పట్టుకో, కింద ప్లాస్టిక్ కవరు ఊగుతోంది, జిప్ టై వేసేస్తా" అన్నాడు. నేను పట్టుకోనన్నాను. జాకీ దించు, నా ర్యాంపులు తెస్తాను అన్నాను. "ఐదు నిమిషాలకి అంత హడావుడి ఎందుకన్నా" అని మొహం చిట్లించాడు. జాకీ పడిపోడానికి ఐదు నిమిషాలు అక్కర్లేదురా బాబూ అని నేను. చివరికి విసుక్కుంటూనే దించాడు. ఆ జాకీ టైరు మార్చడానికి ఇస్తారు, కిందకి దూరడానికి కాదు. యజమాని పుస్తకంలో ఆ మాట రాసే ఉంటుంది, చదివేవాళ్ళు లేరు. కాంక్రీటు ఇటికలు, సిండర్ బ్లాకులు పెట్టేవాళ్ళు ఇంకొందరు. అవి అంతస్తుల గోడల్ని మోస్తాయి నిజమే, కానీ గోడ బరువు బ్లాకు మొత్తం మీద సమంగా పడుతుంది. కారు ఒక్క మూల మీద ఆనితే ఆ బ్లాకు ముందస్తు హెచ్చరిక లేకుండా పగిలిపోతుంది. చెక్క అలా కాదు, కిర్రుమంటుంది, నెర్రె ఇస్తుంది, వంగుతుంది. చెప్పి పోతుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ర్యాంపుతో అన్ని పనులూ అవ్వవు. చక్రాలు ర్యాంపు మీదే నిలబడి ఉంటాయి కాబట్టి టైర్లు మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వెయ్యడం కుదరదు. వాటికి జాకీ, స్టాండులు తప్పవు. ర్యాంపు పనికొచ్చేది ఆయిల్ మార్చడానికి, కింద ఏముందో చూడ్డానికి. మళ్ళీ ఆయిల్ పోశాక డిప్‌స్టిక్ చూడాల్సింది కారుని సమంగా ఉన్న నేల మీదికి దించాకే.

ఇంత చేసి ఎంత మిగిలింది అని అడుగుతారు. పెద్దగా ఏం మిగల్లేదు. సింథటిక్ ఆయిల్ వాడే కార్లకి టయోటా వాళ్ళే 10,000 మైళ్ళకో ఏడాదికో ఒకసారి మార్చమంటున్నారు. ఏడాదికి ఒకటి రెండు సార్లు చేసే పనిలో ఎంత ఆదా చేసినా చెక్కలకి, పానాలకి, ఆయిల్ పళ్ళానికి పెట్టిన ఖర్చు రావడానికే కొన్నేళ్ళు పడుతుంది. డబ్బు కోసం అయితే ఈ పని పెట్టుకోకండి. నేను మొదలుపెట్టిన కారణం వేరు. ఓ పది నిమిషాల ఆయిల్ షాపులో (పేరెందుకు లెండి) డ్రెయిన్ ప్లగ్గుని గాలి గన్నుతో ఎంత బిగించారంటే, తర్వాత ఇంకో మెకానిక్ విప్పేటప్పటికి దాని మరలు ఊడి చేతిలోకొచ్చాయి. అడిగితే మేం కాదన్నారు. నేను కింద చూడలేదు కాబట్టి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు నా కారు పొట్ట నేనే చూస్తాను. ఎక్కడ చెమ్మగా ఉంది, ఏ రబ్బరు తిత్తి చిరిగింది, ఏ గొట్టం తుప్పు పట్టింది, నాకు తెలుసు. షాపువాడు "సార్, ఇది కూడా మార్చాలి" అన్నప్పుడు ఏదీ చూపించండి అనగలను.

వారంటీ పోతుందని భయపెట్టేవాళ్ళని నమ్మకండి. అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, సర్వీసు మీరు చేసుకున్నారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ కాదనడానికి లేదు. మీ పని వల్లే పాడైందని చూపించగలిగితే తప్ప. ఆయిల్, ఫిల్టరు రసీదులు దాచుకోండి, తేదీ, మైళ్ళు రాసుకోండి, చాలు. అపార్ట్‌మెంటు వాళ్ళ సంగతి మాత్రం వేరు. లీజుల్లో చాలావాటిల్లో పార్కింగులో రిపేర్లు చెయ్యకూడదని ఉంటుంది, అది చూసుకోండి. తీసిన ఆయిల్ని డ్రైనేజీలోనో చెట్టు మొదట్లోనో పోసేవాణ్ణి మాత్రం నేను క్షమించలేను. ఒక్క కారులోంచి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్ళని పాడు చెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఎప్పట్నుంచో చెబుతోంది. కొత్త ఆయిల్ డబ్బా ఖాళీ అయ్యాక అందులోనే పాతది పోసి, ఆటోజోన్ లాంటి షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల ఊరికే తీసుకుంటారు.

ఇంతకీ డబ్బు కంటే, ప్రమాదం కంటే మనవాళ్ళని ఆపేది ఇంకోటుంది. చేతికి మసి అంటడం. "ఇంత చదివించింది కారు కింద పడుకోడానికా?" అని మా అమ్మ వీడియో కాల్లో అడిగింది. అమ్మ అడిగిందంటే భయంతో. కానీ అదే మాట ఇక్కడ నా వయసు వాళ్ళు కూడా అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పక్కింటి తెల్లాయన, డెబ్భై ఏళ్ళ రిటైర్డ్ ఇంజనీరు, వారం వారం ఏదో ఒకటి విప్పుతుంటే "వాళ్ళకి ఎంత ఓపికండీ" అని మెచ్చుకుంటారు. మనవాడు చేస్తే పిసినారి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇరుసు కింద చెక్క దిమ్మెలు పేర్చి పనిచేసే మేస్త్రీకి తెలిసిన విద్య మనకి చిన్నతనం, అదే విద్య వీడియోలో ఇంగ్లీషులో చెప్తే హాబీ.

హైదరాబాదులో ఉన్న మా బాబాయి కొడుకు ఇదంతా విని, తనూ చేస్తానని మొన్న అడిగాడు. టింబర్ డిపోలో రెండంగుళాల పలకలు కోసిస్తారు, అవి నిజంగానే రెండంగుళాలు ఉంటాయి, మూడు పొరలు చాలు అని చెప్పాను. ప్యాకింగు పెట్టెల చెక్క మాత్రం వద్దన్నాను. ఎక్కడ పెడతావురా అంటే, అపార్ట్‌మెంటు సెల్లార్లో అన్నాడు. సెల్లార్లో ఫ్లోరింగ్ ఏంటి అని అడిగాను. నున్నటి టైల్స్ అట. అయితే వద్దు, మెకానిక్ దగ్గరికే వెళ్ళు, పక్కన నిలబడి కింద ఏముందో చూడు, ఆయన విప్పుతుంటే ప్లగ్గు ఏ వైపు తిరుగుతుందో చూడు అన్నాను. వాడికి కోపం వచ్చినట్టుంది, ఇంకా ఫోన్ చెయ్యలేదు.